నారింజ వాగులో విటమిన్ సి

మా బళ్ళో ప్రతి సోమవారం పొద్దున హెడ్మాస్టరు టేబుల్ మీదికి ఒక పుస్తకం సంతకానికి పోతుంది. దాని పేరు పాఠ్య ప్రణాళిక. 22 ఏళ్ళ సర్వీసులో ఆ పుస్తకంలో నేను రాసినంత కల్పనా సాహిత్యం నవలలు రాసేవాళ్ళు కూడా రాసి ఉండరు. ‘విద్యార్థులు జట్లుగా ఏర్పడి ఉత్సాహంగా చర్చిస్తారు’ అని రాస్తాను. నాకు తెలిసి మా పిల్లలు జట్లుగా ఏర్పడి ఉత్సాహంగా చర్చించిన విషయం ఒక్కటే, మధ్యాహ్న భోజనంలో ఈరోజు గుడ్డుందా లేదా.

ఈ పాపానికి మూలం జర్మనీలో ఉంది. హెర్బార్ట్ అనే పెద్దాయన 1841లోనే కాలం చేశాడు. పాఠం ఎలా సాగాలో ఆయన నాలుగు మెట్లు చెబితే, శిష్యులు వాటిని ఐదు చేశారు. బీఈడీలో అవి బట్టీ పట్టించారు: సన్నాహం, ప్రదర్శనం, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. ‘సంసర్గం’ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అయినా ఆ గడి ఏనాడూ ఖాళీగా వదల్లేదు. నిరుటి పుస్తకం చూసి తేదీ మార్చి ఎక్కించడమే. ఒకసారి తేదీ మార్చడం మరిచిపోయాను. దానిమీదా సంతకం పడింది.

ఇట్లా సాఫీగా పోతున్న నా జీవితంలోకి మా లెక్కల టీచరమ్మ కృత్రిమ మేధను తెచ్చింది. “సార్, ఇంకా చేత్తో ఎందుకు తిప్పలు? చాట్‌జీపీటీని అడగండి” అని నా ఫోన్లో ఎక్కించి ఇచ్చింది. అది 2022 నవంబరు 30న లోకంలోకి వచ్చిందట. మా స్టాఫ్ రూముకి చేరేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. మా జహీరాబాద్ ముంబయి హైవే మీద ఉన్నా, మా బడి హైవే మీద లేదు.

మొదటిసారి దానితో ఎలా మాట్లాడాలో తెలియలేదు. అలవాటు కొద్దీ సెలవు చీటీ రాసినట్టే రాశాను: ‘గౌరవనీయులైన కృత్రిమ మేధ గారికి, నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఏడో తరగతికి భూ స్వరూపాల మీద 45 నిమిషాల పాఠ్య ప్రణాళిక దయచేసి ఇప్పించగలరని ప్రార్థన.’ టీ గ్లాసు కింద పెట్టేలోగా జవాబొచ్చింది. నిమిషాల లెక్కన పంచి పెట్టింది. మొదటి 5 నిమిషాలు ప్రొజెక్టరు మీద వీడియో. తర్వాత 10 నిమిషాలు రంగురంగుల అంటుకునే చీటీల మీద పిల్లల అభిప్రాయాలు. చివర్న క్షేత్ర పర్యటన: ‘విద్యార్థులను సమీపంలోని సముద్ర తీరానికి తీసుకెళ్ళండి.’

మాకు సమీపంలో ఉన్నది బీదర్. అక్కడ కోట ఉంది గాని సముద్రం లేదు.

అయినా ప్రణాళిక చూడముచ్చటగా ఉండడంతో ఉన్నదున్నట్టు ఎక్కించాను. ఆ నెల స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో పెద్ద సారు పుస్తకాలు తిరగేస్తూ నా దగ్గర ఆగారు. పక్క ఊరి సోషల్ సారు పుస్తకం తెరిచి నా పుస్తకం పక్కన పెట్టారు. అక్షరం తేడా లేదు. “ఇద్దరూ ఒకే సముద్రానికి పోతున్నరు గద, బస్సు ఒక్కటే మాట్లాడుకోండి, ఖర్చు కలిసొస్తది” అన్నారాయన. ఆ రోజు చాయ్ కూడా గొంతు దిగలేదు.

బుద్ధి తెచ్చుకుని, ఆరో తరగతి నదుల పాఠానికి స్థానిక ఉదాహరణ కావాలని అడిగాను. జహీరాబాద్ పక్కనే నారింజ వాగు ఉంది. కొత్తూరు దగ్గర ప్రాజెక్టు కట్టారు, నీళ్ళు కర్ణాటక వైపు పోతాయి. ఇదేదీ చెప్పకుండా ‘మా నారింజ వాగు గురించి రాయి’ అన్నాను. అది ఏమాత్రం తడుముకోలేదు. వాగు ఒడ్డున విస్తారమైన నారింజ తోటలుండేవట, అందుకే ఆ పేరట, నారింజలో విటమిన్ సి పుష్కలమట, పిల్లలతో పండ్ల రసం కృత్యం చేయించాలట!

“తోటల్లేవు నాయనా” అని రాశాను. ‘మీరు చెప్పింది నిజమే! చాలా చక్కని పరిశీలన!’ అంది. 22 ఏళ్ళలో ఏ అధికారీ నన్ను అంత మాట అనలేదు. కళ్ళు చెమర్చాయి. పరీక్షిద్దామని “అసలది ఉల్లిగడ్డ వాగు” అన్నాను. అది కూడా నిజమే అంది.

లెక్కల టీచరమ్మ అప్పుడు గుట్టు విప్పింది. దానికి వాగూ తెలియదు, నారింజా తెలియదు. కొండంత చదువు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. నారింజ తర్వాత తోట రావడం సహజం, వాగు రావడం మా ఊళ్ళోనే. ఇటువంటి పిల్లవాడు ప్రతి తరగతిలో ఒకడుంటాడు. జవాబు రాదు, కానీ అడిషనల్ షీట్ అడుగుతాడు.

పంటల పాఠంలో ఇంకో చిక్కు. దాని తెలుగు నిండా ‘బంగాళాదుంప’. మాది ఆలుగడ్డ, అల్లం, చెరకు పండే నేల. ఒకడు లేచి “సార్, బంగారం దుంపనా? కిలో ఎంతకు పోతది?” అన్నాడు. తరగతిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు, తండా పిల్లలు అందరూ కలిసి ఉంటారు. పుస్తకంలోని తెలుగే వాళ్ళకు రెండో భాష. ఇక ఈ ‘బంగాళాదుంప’ మూడోది.

చిరుధాన్యాల దగ్గర నేను ఫోను జేబులో పెట్టేశాను. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, దేశమంతా కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడింది. మా పస్తాపూర్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘం ఆడవాళ్ళు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే కొర్రలు, సామలు, పచ్చజొన్నల విత్తనాలు కుండల్లో బూడిద కలిపి దాచుకుంటున్నారు. మాచ్‌నూర్లో 2008 అక్టోబరు 15 నుంచి వాళ్ళదే రేడియో, సంఘం రేడియో, 90.4 మీద. ఫోను ఇచ్చిన పాఠంలో మొదటి వాక్యం ‘చిరుధాన్యాలు ఆధునిక ఆరోగ్యకర ఆహారం’. అది చదవగానే ఒక పిల్ల చెయ్యెత్తింది. “సార్, మా అవ్వ ఒక్క చెల్కల్నే జొన్న, కంది, అనుము అన్నీ కలిపి ఏస్తది. వాన ఎగ్గొడితే ఒకటి పోయినా ఒకటి దక్కుతదంటది.” హెర్బార్టు ఐదు మెట్లూ ఆ పిల్ల ఒక్క గుక్కలో ఎక్కి దిగింది. సంసర్గం అంటే బహుశా అదే అయి ఉంటుంది.

అలాగని కృత్రిమ మేధ మీద నాకు పగ లేదు. పక్క రాష్ట్రం వాళ్ళు తెలివైన పని చేశారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, శిక్షణ ఫౌండేషన్ కలిసి 2023లో బెంగళూరు చుట్టుపక్కల సర్కారు బళ్ళలో ‘శిక్షా కోపైలట్’ అనే కృత్రిమ మేధ సాధనాన్ని టీచర్ల చేతికిచ్చి చూశాయి. దాని ముందు సర్కారు పాఠ్యపుస్తకం తెరిచి పెడతారు, అందులోంచి తీసి చెప్పమంటారు. అంటే చూచిరాతకు అనుమతి ఇచ్చారన్నమాట. మన రాష్ట్రంలోనూ 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కొన్ని ప్రాథమిక బళ్ళలో చదవడం, లెక్కలు నేర్పడానికి కృత్రిమ మేధను దింపారు.

నేనూ ఆ దారే పట్టాను. పాఠం పేజీ ఫొటో తీసి పెడతాను. ‘ఇందులో ఉన్నదే అడుగు, లేనిది చెప్పకు, ఆలుగడ్డను ఆలుగడ్డే అను’ అని ముందే షరతు పెడతాను. ఒకే పాఠానికి వెనకబడ్డవాళ్ళకు, నడిమివాళ్ళకు, చురుకైనవాళ్ళకు మూడు రకాల ప్రశ్నలు ఇస్తుంది. నేను చేత్తో రాస్తే ఆదివారం రాత్రంతా పట్టే పని. ఇప్పుడు ఆదివారం రాత్రి మా ఇంటావిడ, “పుస్తకం రాయట్లేదా, ఒంట్లో బాగాలేదా?” అని నుదురు పట్టి చూస్తోంది.

ఆ వాగు సంగతి మాత్రం నవ్వుకుంటారని తరగతిలో చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. మొన్న పరీక్ష పెట్టి, మీ ప్రాంతపు జలవనరు గురించి నాలుగు వాక్యాలు రాయమన్నాను. ఒకడు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: ‘మా ఊరి పక్కన నారింజ వాగు ఉన్నది. కొత్తూరు దగ్గర ప్రాజెక్టు కట్టినారు. నీళ్ళు కర్ణాటకకు పోతాయి. ఇందులో విటమిన్ సి పుష్కలంగా ఉంటుంది.’

ఎర్రపెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది. కొట్టేద్దామంటే కింద ఇంకో మాట ఉంది: ‘ఇది మా సారు చెప్పినారు.’ నాలుగుకు నాలుగు వేశాను.