బస్తాకు ముద్ర ఉంది, బిల్డరుకేది?

జయంతిపురంలోనో ముక్త్యాలలోనో సిమెంటు ఎత్తుకున్న లారీ బెజవాడ వైపు బయలుదేరి కీసర టోల్‌గేటు దాటాలంటే ఎన్ని కాగితాలుండాలో డ్రైవరన్నను అడగండి. హెవీ లైసెన్సు, పర్మిట్టు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషను, ఫాస్టాగ్. బస్తా మీద ఐఎస్ఐ గుర్తు లేకపోతే ఆ సిమెంటు అమ్మడానికే వీల్లేదు. ఇన్ని కాపలాల మధ్య వచ్చిన బస్తాను విప్పి, మన నెత్తిన స్లాబుగా పోయించే మహానుభావుడికి ఏం కావాలి? ఒక విజిటింగ్ కార్డు. ముందు దేవుడి పేరు, వెనక ‘బిల్డర్స్ అండ్ డెవలపర్స్’.

నిన్నటిదాకా పత్తి కొన్న ఒకాయన, మొన్నటిదాకా చిట్టీలు కట్టించిన మరొకాయన, వాళ్ల బావమరిది. ముగ్గురూ కలిస్తే సంస్థ. నందిగామ నుంచి కంచికచర్ల దాకా హైవే పక్కన ఫ్లెక్సీలు చూసుకుంటూ వెళ్లండి, ఇలాంటి త్రిమూర్తులు ఎంతమందో! మీకేం అనుభవం ఉందని అడిగితే ఒకటే జవాబు: “మాది గవర్నమెంటు రిజిస్టర్డ్ కంపెనీ అండీ.”

ఆహా! ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు, ఒక చిరునామా ఉంటే చాలు. 2015 నుంచి కనీస మూలధనం కూడా అక్కర్లేదు. బీము అంటే ఏమిటని రిజిస్ట్రారు అడగడు. భీముడంటే ఎవరని అడిగినా కొందరు నెగ్గుకొచ్చేవారు. భాగస్వామ్యమైతే ఇంకా హాయి. 1932 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను ఇష్టముంటే చేయించుకోవచ్చు, లేకపోతే మానవచ్చు. మానేస్తే శిక్ష ఏమిటంటే, ఒప్పందం తప్పారని ఆ సంస్థ బయటివాళ్ల మీద దావా వేయలేదు. మన డబ్బంతా ముందే జేబులో వేసుకున్నవాడికి మన మీద దావాతో పనేముంది?

రెరా ఉందిగా అంటారు. ఉంది. 2016 నాటి ఈ రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం మంచిదే. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో పెట్టమంది. కానీ అది నమోదు చేసేది ప్రాజెక్టును, కట్టేవాడి పనితనాన్ని కాదు. పైగా స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా ఆ నమోదూ అక్కర్లేదు. మన మెట్ట ఊళ్లలో లేచే అపార్ట్‌మెంట్లలో చాలావాటి కొలత సరిగ్గా అదే. ఎనిమిదో ఫ్లాటు దాకా స్లాబు తనంతట తానే నిలబడుతుంది కాబోలు, తొమ్మిదో దాని దగ్గరే చట్టానికి భయమేస్తుంది.

చిత్రమేమిటంటే, అదే సర్కారు తన సొంత పని దగ్గర ఎంత జాగ్రత్తో! ఊళ్లో కల్వర్టు కట్టించాలన్నా కాంట్రాక్టరు నమోదై ఉండాలి. స్పెషల్ క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా తరగతులున్నాయి. కల్వర్టు కింద నీళ్లు పోతాయి, అపార్ట్‌మెంటు కింద మనుషులు పడుకుంటారు. ఏది ముఖ్యమో ప్రభుత్వానికి తెలుసు.

వకీలుకు బార్ కౌన్సిలుంది, డాక్టరుకు మెడికల్ కౌన్సిలుంది. సివిల్ ఇంజినీర్లను నమోదు చేసే అలాంటి చట్టబద్ధమైన మండలి దేశంలో లేదు. ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది గానీ, అది ఆపేది ఆర్కిటెక్టనే పేరు పెట్టుకోవడాన్నే, ఆ పని చేయడాన్ని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్లాను మీద లైసెన్సున్న సాంకేతిక నిపుణుడి (ఎల్‌టీపీ) సంతకం ఉంటుంది, నిజమే. ఆ సంతకం ఫైల్లో ఉంటుంది, కాంక్రీటు సైటులో ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకున్న సందర్భాలు అరుదు.

కాలిఫోర్నియాలో ఉన్న మన ఊరి అబ్బాయిలు బాత్రూం టైల్సు మార్పించాలన్నా కాంట్రాక్టరు లైసెన్సు నంబరు అడుగుతారు. అక్కడ కంపెనీకైనా, భాగస్వామ్యానికైనా లైసెన్సు రావాలంటే నాలుగేళ్ల అనుభవం చూపించి అర్హత పొందిన మనిషి ఒకడు అందులో ఉండాలి. ఆ అబ్బాయిలే ఇక్కడి ప్రీలాంచ్ ఆఫరుకు వాట్సాప్‌లో ఫొటో చూసి లక్షలు పంపిస్తారు. అడిగింది ఒక్కటే: ఈశాన్యం పెరిగిందా లేదా?

లైసెన్సు పెడితే లంచం పెరుగుతుందనే వాదన ఉంది. పెరుగుతుంది, కాదనను. లారీ లైసెన్సుకూ లంచం ఉందని డ్రైవర్లకు లైసెన్సులు రద్దు చేశామా? కట్టి అమ్మే ప్రతి సంస్థలో కట్టడం తెలిసిన భాగస్వామి ఒకరు నమోదై ఉండాలని, కూలితే ముందు ఆయన పేరే పిలవాలని రాష్ట్రం ఒక నియమం పెట్టాలి. అది వచ్చేదాకా, అడ్వాన్సు ఇచ్చే ముందు మీరే అడగండి: “మీ ముగ్గురిలో కట్టడం తెలిసినవాడెవడు?” చెప్పిన పేరును అగ్రిమెంటులో రాయించుకోండి. రాయనంటే డబ్బు ఇవ్వకండి.