‘నోటెడ్.’ అను ఏకపద కావ్యానికి టీకా తాత్పర్యం

మూలం: నోటెడ్.

అవతారిక: మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగారు వాట్సాప్‌లో అనుగ్రహించినది. పై ఫ్లాటు బాత్రూం నీళ్ళు మా పూజగది గోడలోకి దిగుతున్నాయని ఫోటోలతో సహా ఒక దండకం విన్నవించుకోగా, నీలం టిక్కులు పడిన మరునాడు వెలువడింది.

ప్రతిపదార్థం: తేలిక. విడిచిపెట్టాం.

విశేషాలు: మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. మాకా ఒట్టు లేదు. చివరి చుక్క చూడండి, రసమంతా అందులోనే ఉంది. మా ఆవిడ మతంలో అది రౌద్రం: మళ్ళీ అడిగావో, జాగ్రత్త! పక్క ఫ్లాటు మాస్టారి మతంలో శాంతం. మావాడు చెప్పేది వేరు: స్పేసు రెండుసార్లు నొక్కితే ఫోనే చుక్క పెట్టేస్తుందట. కనక అది కవిహృదయం కాదు, లేఖకదోషం.

ఇక్కడ కాకువు సంగతి చెప్పుకోవాలి. కాకువంటే గొంతు విరుపు. ‘నువ్వు రావూ?’, ‘నువ్వు రావు’ - తేడా అంతా గొంతులోనే. నాట్యశాస్త్రంలో భరతుడు దీన్ని సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండు చేశాడు. మొదటిదానిలో చెప్పవలసింది ఇంకా మిగిలి ఉంటుంది, రెండోదానిలో మాట ముగిసిపోయింది. చుక్క నిరాకాంక్షం. ఆకాంక్ష మా గోడమీద చెమ్మగా ఉంది. ఆలంకారికుల్లో రుద్రటుడు కాకువును వక్రోక్తిలో చేర్చి అలంకారాల వరసలో కూర్చోబెట్టాడు. రాజశేఖరుడు ఒప్పుకోలేదు, అది చదివే తీరే తప్ప అలంకారం ఎలా అవుతుందన్నాడు. మా ఓటు రాజశేఖరుడికే. కార్యదర్శిగారు పంపింది అక్షరాలు, గొంతు మాది. కడుపుమంటతో చదివితే ఆయన దుర్యోధనుడు, కాఫీ తాగి చదివితే ధర్మరాజు.

అమెరికాలో క్రూగర్, ఎప్లీ తదితర మనస్తత్వవేత్తలు 2005లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఈమెయిల్లో తాము రాసింది వెటకారమో నిజమో చదివేవాళ్ళు నూటికి 78 సార్లు పట్టేస్తారని రాసినవాళ్ళ ధీమా. పట్టింది 56. గొంతుతో చెబితే దాదాపు 73. బొమ్మా బొరుసూ వేసుకున్నా 50 వచ్చేవి.

ఆక్షేపం: మరి గొంతు మాదే అయితే తప్పూ మాదేనా? కాదు. వాచ్‌మన్ తండ్రి పోయాడని, దినాలకు తలా కొంత వేద్దామని రాసినదానికీ ఇదే కావ్యం, ఇదే చుక్క. దీనికి టీక అక్కర్లేదు. రెండు మాటలు రాస్తే వేళ్ళరిగిపోయేవా? ఎదురుపడితే చక్కగా తెలుగులో పలకరించే మనిషి, ఫోను చేతికొస్తే ఫైలు మీద సంతకం చేసే ఆఫీసరైపోతాడు.

తరువాతి కృతి బొటనవేలి బొమ్మ. దానికి టీక రాసే ఓపిక లేక ప్లంబరుకు మేమే ఫోను చేశాం. ‘ఆఁ... వస్తా సార్’ అన్నాడు. ఆ ‘ఆఁ’ వినగానే రాడని తెలిసిపోయింది.