పేపరు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసును లోకానికి విప్పి చెప్పిన ఆ మహానుభావుడు వ్యాఖ్యానం మొదలుపెడుతూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. మొదటిది నేనూ నిలబెట్టుకోగలను. రెండోది నా వల్ల కాదు. ముప్పయ్యేళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పి రిటైరైన తెలుగు మాస్టారి దగ్గర క్లుప్తత వెతకడం ఎండాకాలంలో మా వీధిలో నల్లానీళ్లు వెతకడం లాంటిది.

మా ఇల్లు హఫీజ్‌పేట్ ఎమ్‌ఎమ్‌టీఎస్ స్టేషన్ పక్క సందులో. మేడమీద పెంట్‌హౌస్ అని పిలుచుకునే రేకుల గదిలో సిద్దిపేట కుర్రాడొకడు ఉంటాడు. గచ్చిబౌలి వైపు ఏదో ప్రయోగశాలలో పీహెచ్‌డీ. ఓ రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగి వచ్చాడు. "సార్, జర ఒక్కసారి చూస్తరా? సైన్స్ నేను చూసుకుంట, మీరు కామాలు చూస్తే చాలు" అన్నాడు. కామాలు చూడ్డానికి కూర్చున్నవాణ్ణి మూడు వారాలు లేవలేదు. ఈ తేటగీతి అప్పుడు పుట్టింది. గణాలూ యతులూ సరిపోయాయి. మిగతా దోషాలకు నాదే పూచీ.

మూలం

పేపరును పంపు ముందుగా పేరులెల్ల
వరుస దప్పక పేర్చి, పైవారి పేరు
చివర నుంచి, బొమ్మలు వేఱ చేర్చి పెట్టి
మీట నొక్కినవాఁడెపో మేటి యోగి

ప్రతిపదార్థం

పేపరును = పరిశోధన పత్రాన్ని. ఈ మాటకు తెలుగులో అర్థాలు మెండు. పొద్దున గుమ్మంలో పడేదీ పేపరే, పరీక్షలో ఇచ్చేదీ పేపరే. కుర్రాడి వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "పేపర్ల వస్తదంటివి గద బిడ్డా, ఏ దినం వస్తదో చెప్పు, తెప్పిచ్చుకుంట" అంటుంది. ఈ పేపరు ఏ కిళ్లీకొట్లోనూ దొరకదని ఆమెకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

పంపు ముందుగా = పంపడానికి మునుపు. చూడ్డానికి చిన్న మాట. కానీ పద్యంలో ఎక్కువ కాలం తిన్నది ఇదే. పత్రికవాళ్ల షరతుల ప్రకారం వరుసల మధ్య రెట్టింపు ఎడం ఉండాలి, ప్రతి వరుసకూ అంకె పడాలి. సారాంశం 250 మాటలు దాటకూడదు. మావాడిది 312 ఉంది. ఏ మాట తీసేద్దామన్నా "అది మూడు నెల్ల కష్టం సార్" అంటాడు. దానికి తోడు ముఖ్యాంశాలట. మూడు నుంచి అయిదు, ఒక్కోటి ఖాళీలతో కలిపి 85 అక్షరాలు మించరాదు. ఛందస్సు మనకే సొంతమనుకున్నాను గానీ, ఈ లెక్క చూశాక ఆ గర్వం పోయింది. నా పద్యం నాలుగు పాదాలూ కలిపి 52 అక్షరాలే కాబట్టి, మన లెక్కన చూస్తే, ఒక్క ముఖ్యాంశంలో ఇమిడిపోతుంది. ఇంకా ఉంది: పోలికల పరీక్ష. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పాతవాటితో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, దాటితే ఉంది. మన ప్రబంధకవులను ఆ యంత్రంలోకి పంపితే ఎంతమంది బయటపడతారో ఆలోచించడానికే భయం.

పేరులెల్ల = కర్తల పేర్లన్నీ. ఎవరు కర్త? వైద్యపత్రికల సంపాదకుల సంఘం నాలుగు షరతులు పెట్టింది: పనిలో గట్టి పాలు ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, తప్పొస్తే జవాబు చెప్పుకోవాలి. నాలుగూ ఉన్నవాడే కర్త. చాయ్ తెప్పించినవాడికి కృతజ్ఞతల్లోనే చోటు. అయినా జాబితాలు పెరుగుతూనే ఉన్నాయి. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చిన పేపరుకు కర్తలు 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ చిరునామాలే. ఇవతలి కొసన 1975లో అదే పత్రికకు అమెరికాలో హెథరింగ్టన్ అనే ఆయన ఒంటరిగా రాసుకున్న పేపరు ఉంది. పొడుగునా 'మేము, మేము' అని టైపు కొట్టుకున్నాడు. ఒక్కడే రాసినదాన్లో 'మేము' ఉంటే తిప్పి పంపుతారని ఎవరో చెప్పారు. మళ్లీ మొత్తం టైపు కొట్టే ఓపిక లేక, పెంపుడు పిల్లి చెస్టర్‌కు విల్లర్డ్ అన్న ఇంటిపేరు తగిలించి రెండో కర్తగా చేర్చాడు. అలాగే అచ్చయింది. పూజ్యార్థక బహువచనం మనకు పుట్టుకతో వచ్చిన విద్య గనక మన దగ్గర పిల్లి అవసరం పడదు.

అసలు చిక్కు తెలుగువాడి పేరుతోనే. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, పిలిచే పేరు వెనక. మావాడు ఉన్నది ఉన్నట్టు నింపాడు. వ్యవస్థ వాణ్ణి ఇంటిపేరుతో "డియర్" అని పిలిచి, అమ్మానాన్నలు పెట్టిన పేరును వంశనామం చేసింది. ఈ తంటా కొత్తది కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు శాస్త్రలోకపు సూచికల్లో 'సుబ్బారో, వై.' అయ్యాడు. పెట్టిన పేరు ఇంటిపేరైంది, యల్లాప్రగడ అంతా కుంచించుకుపోయి ఒక్క 'వై' మిగిలింది. ఇప్పుడు ఓర్కిడ్ అని 16 అంకెల గుర్తింపు ఇస్తున్నారు. అంకెల్లో ఇంటిపేరేదో ఎవరూ అడగరు.

వరుస దప్పక పేర్చి = క్రమం చెడకుండా అమర్చి. గణితం వాళ్లకు అక్షరక్రమమే శరణ్యం, దెబ్బలాటలు లేవు. మిగతా చోట్ల మొదటి పేరు చెమటోడ్చినవాడిది. రెండో పేరు ఎవరిదన్న దాని మీద మావాడి ల్యాబ్‌లో వారం పాటు ఇద్దరు స్నేహితులు కలిసి టిఫిన్ తినలేదు. అంతకన్నా చెబితే బావుండదు.

పైవారి పేరు చివరన్ ఉంచి = గైడు పేరును ఆఖర్న పెట్టి. జీవశాస్త్రాల్లో ఇదే ఆచారం. పూర్వం ఇలా లేదు. 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద వచ్చిన పేపరులో ప్రొఫెసర్ ఫిస్కే ముందు, శిష్యుడు సుబ్బారావు తర్వాత. ఈ పదాన్ని 'చివరన్ ఉంచి' అని విడదీస్తే ఒక అర్థం. 'చివర నుంచి' అని కలిపి చదివితే రెండో అర్థం స్ఫురిస్తుంది: పేపరును చివరి నుంచి చదివేవాడు. అంటే సమీక్షకుడు. ఆయన ముందుగా ఆఖరి పుటలు తిప్పి ఆధారాల జాబితాలో తన పేరుందా అని చూసుకుంటాడని ల్యాబుల్లో ప్రతీతి. శ్లేష కుదిరినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. కుర్రాడు నవ్వలేదు. "నిజమే సార్" అన్నాడు.

బొమ్మలు వేఱ చేర్చి పెట్టి = పటాలను విడిగా జతచేసి. వ్యాసం మధ్యలో అతికిస్తే ఒప్పుకోరు. ఫొటో అయితే అంగుళానికి 300 చుక్కలు, గీతలైతే అంతకు రెండు మూడు రెట్లు. సరే, ముందుకు పోదాం.

మీట నొక్కినవాఁడెపో = సబ్మిట్ మీట నొక్కినవాడే కదా. 'పో' నిశ్చయార్థకం. నొక్కగానే అయిపోదు. అప్పటిదాకా ఎక్కించిన ముక్కలన్నిటినీ కలిపి యంత్రం ఒక పీడీఎఫ్ కడుతుంది. దాన్ని తెరిచి, చూసి, ఒప్పుకుని, మళ్లీ నొక్కాలి. మావాడి పీడీఎఫ్‌లో ఆల్ఫాలూ బీటాలూ చదరపు డబ్బాలయ్యాయి. నొక్కే ముందు ఎవరికి పంపుతున్నామో చూసుకోవడం కూడా ఈ పదంలోనే ఇమిడి ఉంది. 'పూజ్యులైన ప్రొఫెసర్ గారికి' అంటూ వారంలో అచ్చు వేస్తామనే ఈమెయిళ్లు మావాడికి రోజూ వస్తాయి, ఇంకా పీహెచ్‌డీయే రాకపోయినా. ఆ సరుకుకు మన ఊరు పేరు మోసింది. హైదరాబాదు కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష గట్టిగా జరుగుతుందని లేనిపోనిది చెప్పారనీ, ఫీజు సంగతి ముందు దాచారనీ అభియోగం. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు చెప్పింది.

మేటి యోగి = గొప్ప యోగి. యోగి అని ఎందుకన్నానో నొక్కిన మర్నాటి నుంచి తెలిసింది. పత్రిక సైటులో 'విత్ ఎడిటర్' అన్న రెండు మాటలను రోజుకు ఇరవైసార్లు చూస్తూ, అవి మారనందుకు బాధపడుతూ, మారితే ఏమవుతుందోనని జడుసుకుంటూ కూర్చోవడాన్ని ఇంకే మాటతో చెప్పను?

తాత్పర్యం

పేపరు పంపే ముందు కర్తల పేర్లన్నీ క్రమంగా పేర్చి, గైడు పేరు ఆఖర్న పెట్టి, పటాలు విడిగా జతచేసి, మీట నొక్కినవాడే గొప్ప యోగి అని భావం. పరీక్షలో ఇంతే రాయండి.

శంక

పద్యంలో ఆధారాల ఊసే లేదే, అది దోషం కాదా? అవును, దోషమే. తేటగీతిలో చోటు చాలలేదు. అందుకే ఇక్కడ పూరిస్తున్నాను.

వాడి పేపరు మొత్తంలో నాకు తెలిసిన మాట ఒకటే కనబడింది: 'ఫాస్ఫేటును ఫిస్కే–సుబ్బారో పద్ధతిలో కొలిచాం'. తెలుగు పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. ఆధారం ఏమిచ్చాడా అని చూస్తే, 2016 నాటి ఇంకెవరిదో వ్యాసం. "ఇందులో సుబ్బారావు ఎక్కడున్నాడురా?" అన్నాను. ఆ వ్యాసం తెరిచాడు. వాళ్లు 2004 నాటి మరో వ్యాసాన్ని చూపించారు. అది తెరిస్తే దాన్లో అసలు ఆ పద్ధతే లేదు. పన్నెండేళ్లుగా ఒకరి భుజమ్మీద ఒకరు చెయ్యేసి నడుస్తున్నారు, ముందున్నవాడు గుడ్డివాడు. కొల్చారం వాడు పెట్టుకున్న మొదటి ఒట్టు నాకప్పుడు పూర్తిగా బోధపడింది. మూలం చూడని మాట రాయకు అంటే భక్తి కాదు, తనిఖీ.

"మూలం తియ్యి" అన్నాను. రాత్రి ఒంటిగంటకు దొరికింది: జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66వ సంపుటం, 1925, 375వ పుట. నెట్‌లో పైసా అడక్కుండా తెరుచుకుంది. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిశాక ఎంత నీలం తేలితే అంత ఫాస్ఫరస్, ఆ నీలాన్ని కొలవడమే పద్ధతి. ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లిద్దరూ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ పట్టుకోగలిగారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయనకీ ఏటీపీ చిక్కింది. కుర్రాడు ఆ పాత పుటలు ఆసాంతం చదివి, "సార్, రియేజెంట్ నేను కలిపే తీరు వేరేగుంది" అన్నాడు. మర్నాడు మళ్లీ కొలిచాడు. అంకెలు పెద్దగా మారలేదు. ఆధారం మాత్రం మారింది.

పాఠభేదం

'మేటి యోగి' అన్నచోట 'మేటి రోగి' అని మా ఇంటావిడ పాఠం. గణం సరిపోతుంది, యతికీ భంగం లేదు. కాదనలేకపోతున్నాను.

పంపి నలభై మూడు రోజులైంది. ఇంకా 'విత్ ఎడిటర్'. పద్యానికి వేరే పాఠాలు మీ ల్యాబుల్లో వాడుకలో ఉంటే రాసి పంపండి. రెట్టింపు ఎడం అక్కర్లేదు, కానీ ఎక్కడ విన్నారో తప్పకుండా రాయండి.