ఎలుకలోనా, మనిషిలోనా?

మా రోజుల్లో మెదడు గురించి ఇంత రభస లేదు. పుట్టుకతో వచ్చిన నరకణాలే గతి, పోతే పోయినట్టే. స్పెయిన్ పెద్దాయన కహాల్ అన్నాడు, మా మాస్టారు బోర్డు మీద రాశారు, నేనూ రిటైరయ్యేదాకా ఫిజియాలజీ క్లాసులో అదే చెప్పాను. రాసిన ప్రతివాడికీ రెండు మార్కులు!

ఇప్పుడో? పొద్దున్నే కాలనీ గ్రూపులో గులాబీ పువ్వు పక్కన "డిప్రెషన్ మాత్రతో మెదడు చిగురిస్తుంది" అని మెసేజీ. అయ్యా, చిగురించింది ఎలుకకి! అదీ మామూలు ఎలుక కాదు. హంటింగ్టన్ జబ్బుందే, కాళ్ళూ చేతులూ వశం తప్పి ఆడుతూ, మతి తగ్గుతూ, దిగులు ముసిరే జబ్బు, దానికి కారణమైన మనిషి జన్యువు ముక్కను చొప్పించి పుట్టించిన ఎలుక. 2005లో మెల్‌బోర్న్ వాళ్ళు దానికి ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చారు. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో మందగించిన కొత్త కణాల పుట్టుక పుంజుకుంది, జ్ఞాపకం కాస్త మెరుగుపడింది. జబ్బు మాత్రం పోలేదు. ఆ ఆఖరి ముక్క గ్రూపులో ఎవడూ పెట్టడు.

మాకు జన్యువులు మార్చిన ఎలుకలెక్కడివి? ప్రాక్టికల్స్‌కి కప్పే దిక్కు. డ్రమ్ముకు చుట్టిన కాగితానికి మసి పట్టించి, కప్ప పిక్క కండరం ఎగిరినప్పుడల్లా ముల్లు గీసే గీత కోసం ఊపిరి బిగబట్టేవాళ్ళం. వార్నిష్ పూసేలోపు వేలు తగిలిందా, పూటంతా పడ్డ కష్టం గోవిందా. అందుకే అచ్చులో ఏది కనిపించినా ఎగిరి గంతేసే అలవాటు మాకు లేదు.

అలాగని మా కాలం వాళ్ళు మరీ బుద్ధిమంతులేం కాదు. ఆల్ట్‌మన్, మన గోపాల్ దాస్ కలిసి పెద్ద ఎలుకల మెదడులో కొత్త కణాలున్నాయని 1965లోనే రాస్తే చాలాకాలం పట్టించుకున్న నాథుడు లేడు. తర్వాత 2003లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు, కొత్త కణాలు పుట్టకుండా ఎక్స్‌రేలతో ఆపేస్తే ఎలుకల్లో ఈ మాత్రలు పనిచేయడం లేదని చూపించాక ఒకటే సందడి. మందు పడిన గంటల్లో మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పెరిగినా, దిగులు తగ్గడానికి వారాలెందుకు పడుతుందో తెలిసిందన్నారు, కొత్త కణం ఎదగడానికీ వారాలే పడుతుంది గనక. ఎలుకకైతే కోర్సంతా పడింది. మన కుర్రాళ్ళు అయిదో రోజుకే "పనిచేయట్లేదు అంకుల్" అంటూ డాక్టరుకైనా చెప్పకుండా మానేస్తారు.

పోనీ మనిషి సంగతైనా తేలిందా అంటే, 2018లో నెల తిరక్కుండా రెండు పేపర్లు. పెద్దవాళ్ళలో కొత్త కణాలు కనిపించనే లేదని ఒకటి, డెబ్బై దాటినా పుడుతూనే ఉన్నాయని ఇంకొకటి.

మొన్న ఎంబీబీఎస్ చదివే మనవరాలు వచ్చింది. "తాతయ్యా, పుడతాయా, పుట్టవా? ఒక్క ముక్కలో చెప్పు, రేపు ఇంటర్నల్స్."

"ఎలుకలోనా, మనిషిలోనా?" అన్నాను.

"నీతో ఇదే తాతయ్యా" అని ఫోను చూసుకుంటూ లోపలికెళ్ళిపోయింది.