తువ్వాల కింది బేరం

9:15కు మార్కెట్ తెరుస్తారు. 9:16కు మా ఊరి షేర్ల గ్రూపులో కొట్లాట తెరుస్తారు. మొన్నామధ్య పది రోజులు వేడి ఉప్మా తిన్న గుర్తు లేదు నాకు. ముద్ద నోటి దాకా పోతుందో లేదో, ఫోను టింగుమంటుంది. ఈసారి తగువు, కొన్న షేరును ఎన్నాళ్ళు ఉంచుకోవాలి అని. రిటైరైన హెడ్మాస్టరు సారు లెక్కన ఇరవై ఏండ్లు. మా అక్క కొడుకు లెక్కన ఇరవై నిమిషాలు, మధ్యలో చాయ్ వస్తే ఇరవై రెండు.

2023 జూన్‌లో ఎం.ఆర్.ఎఫ్. షేరు లక్ష రూపాయలు దాటింది కదా, సారు ఆ ముచ్చట ఇప్పటికీ వారానికోసారి పెడతాడు. ఆయన దగ్గర ఎం.ఆర్.ఎఫ్.ది ఉన్నదల్లా స్కూటరు టైరొక్కటే. దాన్ని కూడా ఏండ్ల తరబడి మార్చలేదు. మాట మీద నిలబడే మనిషి.

అల్లుడిది ఆప్షన్ల యవ్వారం. నిఫ్టీ ఎక్స్‌పైరీ, అంటే ఆ ఆప్షన్ల గడువు తీరే రోజు, ఇప్పుడు మంగళవారం. మా అక్క మంగళవారం పది రూపాయల చేబదులు కూడా గడప దాటనియ్యదు, లక్ష్మి పోతుందని. కొడుకు మాత్రం ఏరి కోరి ఆ రోజే ముక్కూ మొహం తెలియనోళ్ళకు పంచిపెడతాడు. 2024 సెప్టెంబరులో సెబీ లెక్క తీసింది. మూడేండ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది పోగొట్టుకున్నారట, మనిషికి సగటున 2 లక్షల దాకా. సారు ఆ వార్తకు ఎర్రగీతలు కొట్టి మరీ గ్రూపులో పెట్టాడు. "ఆ మిగిలిన ఏడుగురిల నేనొకణ్ణి సార్" అన్నాడు అల్లుడు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ల చిన్నాయన ఒకాయన ఉన్నాడు. ఎవరేం చెప్పినా ఆయన జవాబు ఒక్కటే: "సత్యం." 2009 జనవరి 7న సత్యం కంపెనీ షేరు పొద్దుగూకే సరికి 40 రూపాయలకు దిగిన సంగతి. ఆయన అందులో పైసా పెట్టలేదు. బాధ మాత్రం ఇప్పటికీ పడుతున్నాడు.

అందరూ కలిసి మెలిసి ఉన్న రోజు నాకు తెలిసి ఒక్కటే, 2024 జూన్ 4. ఓట్ల లెక్కింపు నాడు సెన్సెక్స్ 4,000 పాయింట్ల పైచిలుకు పడింది. సారుదీ పోయింది, అల్లుడిదీ పోయింది. ఒకరినొకరు "తిన్నరా?" అని అడిగారు.

చిన్నప్పుడు నాయనతో పెబ్బేరు పశువుల అంగడికి పోయినప్పుడు ఇంతకంటే పెద్ద మార్కెట్ చూశాను. అక్కడా ఈ రకాలన్నీ ఉండేవి. మా నాయన పండ్లు చూసే రకం. ఎద్దు పెదవి పైకెత్తి రెండు పండ్లా, నాలుగు పండ్లా అని లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి చూసి, పదేండ్లు అరక దున్నుతుందా అని ఆలోచించేవాడు. అంటే సారు పార్టీ. ఇంకొకాయన పండ్ల జోలికే పోడు, సుడులు చూస్తాడు. నుదుటి సుడి మంచిది, వీపు మీది సుడి ఇంటికి చేటు అంటాడు. ఇప్పుడు ఫోనులో చార్టు మీద గీతలు గీసి, ఇక్కడి నుంచి లేస్తుంది చూడండి అనేవాళ్ళు ఆయన మనవలే అయ్యుండాలి. ఇక దలారి, పొద్దున కొన్న ఎద్దును పొద్దుగూకేలోపు అమ్మేస్తాడు. మేత ఖర్చు కూడా పెట్టుకోడు.

బేరమంతా తువ్వాల కింద. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. ఒక వేలు పట్టుకుంటే వెయ్యి, అయిదు వేళ్ళూ కలిపి పట్టుకుంటే అయిదు వేలు, సగం వేలు నొక్కితే అయిదు వందలు. వేళ్ళ మీదే వేలు. మొహాలు మాత్రం చావు కబురు విన్నట్టు పెట్టుకునేవాళ్ళు. పక్కనున్నవాడికి ఎంతకు తెగిందో తెలిసేది కాదు. మా నాయన తువ్వాల ఎర్ర గళ్ళది, ఒక మూల పొగాకు వాసన, ఇంకో మూల నాకోసం కట్టిన పుట్నాలు. తువ్వాల మీద ఇంత రాయడం అవసరమా అంటే అవసరం లేదు. కానీ ఒక ఏడాది జోడుతో పోయి ఒంటి ఎద్దుతో తిరిగొచ్చాడు. అమ్మ ఎంతకమ్మినవని అడిగింది. నాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు.

ఇప్పుడు తువ్వాల లేదు, స్క్రీన్‌షాట్ ఉంది. అదీ పచ్చగా ఉన్ననాడే. ఎర్రగా ఉన్ననాడు దేవుడి బొమ్మతో శుభోదయం. పచ్చవి మాత్రమే చూసీ చూసీ, ఊళ్ళో నష్టపోయింది నేనొక్కణ్ణే అనుకుంటాను. అందుకే నోరెత్తి పక్కవాడి పద్ధతి తప్పంటాను.

పోయిన మంగళవారం నుంచి అల్లుడు గ్రూపులో నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే నాకు సుఖంగానే ఉండింది. మూడు రోజులు ఉప్మా వేడిగా తిన్నాను. నాలుగో రోజు అక్క ఫోను చేసింది. "పిలగాడు బండి అమ్మిండట, నీకేమన్న చెప్పిండా?"

చెప్పలేదు. నేనూ అడగలేదు. పద్ధతుల మీద వాదించుకోవడానికి మాకు టైమంతా దొరికింది, ఈ ఒక్కమాటకు దొరకలేదు.

రాత్రి వాడికి విడిగా మెసేజ్ పెడదామని కూర్చున్నాను. ఏం రాసినా సారు మాటలాగే వచ్చింది. చెరిపేశాను. ఆరేండ్లుగా ఎవరికీ చూపని నా ఖాతా తెరిచి, అందులో మూడు షేర్లు, మూడూ ఎర్రగా ఉన్నవి, స్క్రీన్‌షాట్ తీసి పంపాను. నీలం గీతలు పడ్డాయి. కాసేపటికి జవాబొచ్చింది.

"మామా, ఇది గ్రూపుల పెట్టకు."