మూడువేల పదహార్లు

శామీర్‌పేట కూడలికి చేరువనున్న ఒక మీసేవా కేంద్రమునందు, బల్లకు దారముతో కట్టివేసిన కలమును పట్టుకొని, మా మేనల్లుడు మొన్నటి సోమవారమునాడు చేసిన ఘనకార్యమును కన్నులార చూచి యుండనిచో నే నీ వ్యాసము వ్రాయువాడను గాను. ఆదాయ ధ్రువపత్రమునకై ఇచ్చు దరఖాస్తులో ‘వృత్తి’ యను గడి యెదుట అతడు క్షణమైనను తటపటాయింపక ‘విద్యార్థి’ యని వ్రాసెను. పిమ్మట ఆ కాగితమును ప్రక్కకు జరిపి, ఉపాధి కల్పనా కార్యాలయమునందు పేరు నమోదుకై ఆపరేటరున కీయవలసిన వేఱొక కాగితము తీసి, అదే కలముతో, అదే దస్తూరితో, అదే గడిలో ‘నిరుద్యోగి’ యని వ్రాసెను. మొదటిది ఫీజు రీయింబర్స్‌మెంటు నిమిత్తము. రెండవది, ఎన్నడో యొకనాడు ప్రభుత్వమువారు నిరుద్యోగ భృతి ఈయకపోవుదురా, ఇచ్చిననాడు వరుసలో తాను ముందుండవలదా యను దూరదృష్టి నిమిత్తము.

“ఏందిరా ఇది? రెండిట్ల ఏది నిజం?” అని అడిగితిని.

“రెండూ నిజమే మామా. రోల్ నంబరున్నది, గందుకు స్టూడెంటు. కాలేజికి పోతలేను, గందుకు ఖాళీ.”

ఒక పదార్థము కలదనియు, లేదనియు, ఉండియు లేదనియు ఏడు భంగుల నిరూపించుటకు స్యాద్వాదులైన జైనాచార్యులు శతాబ్దములు శ్రమించిరి. మావాడు కట్టివేసిన కలముతో ఒకటిన్నర నిమిషములో సాధించెను.

మావా డొక్కడే యిట్టివాడైనచో ఇంటిగుట్టు బయట పెట్టుకొనవలసిన అగత్యము నాకు లేదు. మేడ్చల్ మొదలు శామీర్‌పేట వఱకు, ఔటర్ రింగు రోడ్డునకు ఇరుప్రక్కల, ఈ ద్వంద్వజీవి సమృద్ధిగా పెరుగుచున్నాడు. ఈ నేల యొకప్పుడు ద్రాక్షకు పేరుపొందినది. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పందిళ్ళనుండి వ్రేలాడిన దినముల నెఱిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. పందిళ్ళు పోయినవి, కొన్నిచోట్ల వెంచర్లు, కొన్నిచోట్ల గోదాములు, మిగిలినచోట్ల కళాశాలలు మొలచినవి. కండ్లకోయ యొద్ద ఉదయము ఎనిమిది గంటలకు నిలుచున్నవానికి పసుపుపచ్చని బస్సులు తప్ప వేఱు ప్రపంచము కనబడదు. శామీర్‌పేటలో 1998లో వెలసిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, జవహర్‌నగర్‌లో 2008లో వెలసిన బిట్స్ ప్రాంగణము మొదలగు వాని ప్రాకారములకు లోపలనున్న వారితో ఈ వ్యాసమునకు ప్రసక్తి లేదు. ప్రాకారమునకు వెలుపల, బి.కాం. ముగిసిన పిమ్మట మూడేండ్లు గ్రూప్స్ పుస్తకములతో తలగడ యెత్తు పెంచుకొని, ఐసెట్ వ్రాసి, హైవేనుండి లోపలికి మట్టిబాటన పోవలసిన, నేను పేరు చెప్పబోని యొక కళాశాలలో ఎం.బి.ఏ. యందు చేరినవాడే నా కథానాయకుడు. చదువుటకు చేరెనా యన్నచో, కాదు. “ఏదో ఒకటి ఉండాలె గద” యని చేరెను.

ఇతడు కామరూపి. మేడ్చల్‌లో 229 నంబరు బస్సెక్కి కండక్టరునకు పాసు చూపునపుడు విద్యార్థి; అశోక్‌నగర్ చేరి కోచింగు కేంద్రముల నడుమ టీ త్రాగునపుడు అభ్యర్థి; పెండ్లిసంబంధమువారు విచారించినపుడు, తల్లి నోట, “ప్రిపేరైతున్నడు” అను వర్తమానకాలిక క్రియ; బియ్యపు మూట మోసికొనిరమ్మన్నపుడు పరీక్షలు దగ్గరపడిన విద్యార్థి; క్రొత్త ఫోను కావలసివచ్చినపుడు ఉద్యోగము లేక లోలోన క్రుంగిపోవుచున్న యువకుడు. ఇన్ని రూపములలో దేనికిని ఇతడు మోసము తలపెట్టినవాడు గాడు. ఏ గుమాస్తా ఏ రూపమును కోరునో ఆ రూపమున ప్రత్యక్షమగు భక్తసులభుడు మాత్రమే.

అయినను, భృతి యన నేమి యను ధర్మసూక్ష్మమును కొంచెము విచారింపవలెను. ఇంగ్లండునందు 1911లో జాతీయ బీమా చట్టము చేసినప్పుడు, పనివాడు పనియున్న దినములలో వారమువారము చందా చెల్లించవలెననియు, పని పోయినప్పుడు లేబరు ఎక్స్ఛేంజికి వచ్చి తాను పనికి సిద్ధముగా నున్నట్లు కనబడవలెననియు నియమము పెట్టిరి. అమెరికా రాష్ట్రముల చట్టములు గూడ పనిచేయు శక్తియు, పిలిచిన మఱునాడు వచ్చు వీలును రెండును ఉన్నవానికే సొమ్ము ముట్టవలె నన్నవి. పగలంతయు తరగతిలో కూర్చుండువానికి ఆ వీలు లేదు గనుక విద్యార్థి సాధారణముగా అనర్హుడు. ఇంగ్లండు విద్యార్థులు మాత్రము చాలకాలము సెలవు దినములలో దర్జాగా వరుసలో నిలిచి డోల్ అను ఆ భృతి పుచ్చుకొనుచుండిరి. 1990లో విద్యార్థి ఋణములు ప్రవేశపెట్టి, ఆ వేసవిపంటకు ప్రభుత్వమువారు గండి కొట్టిరి. కావున మా మేనల్లుడు స్వకపోలకల్పితముగా దీనిని కనిపెట్టెనని గర్వింపనక్కఱలేదు. దొరబిడ్డలు తినివదలిన విస్తరియే యిది.

దూరదేశము లెందుకు, పొరుగున కర్ణాటకమునందు 2024 జనవరి నుండి యువనిధి పేరిట పట్టభద్రునకు మాసమునకు రూ.3,000, డిప్లొమా వానికి రూ.1,500 ఇచ్చుచున్నారు, పట్టా వచ్చి 180 దినములు గడచినను ఉద్యోగము దొరకనివానికి మాత్రమే, అదియు రెండేండ్లు మించకుండ. తనకు ఉద్యోగము లేదనియు, పైచదువున చేరలేదనియు వాడు స్వయముగా ప్రకటించుచుండవలెను. ఈ సంగతి చెప్పినప్పుడు మావాడు తల యెత్తి, “అంటే చదివితె పైసలియ్యరు, చదవకపోతె ఇస్తరా?” యని యడిగెను. చట్టము దానికి తగిన సమాధానము చెప్పగలదు. నాకు మాత్రము ఆ క్షణమున ఏదియు తోచలేదు.

ఇక మన సొంత గడ్డ. 2018 ఎన్నికల వేళ అప్పటి అధికారపక్షము తెలంగాణ యువకునకు మాసమునకు రూ.3,016 భృతి ఇచ్చెదనని మాట యిచ్చినది. ఆ పదహారు ఎక్కడిదని పరదేశి అడుగవచ్చును. శుభకార్యమున సంభావన యిచ్చునపుడు నూటపదహార్లనియు వెయ్యిన్నూటపదహార్లనియు ఇచ్చుట మన ఆచారము. సున్నతో ముగియుట అశుభము. 2019 ఫిబ్రవరి బడ్జెటునందు ఈ సంభావనకై రూ.1,810 కోట్లు ప్రత్యేకించి చదివిరి గూడ. పళ్ళెము వచ్చినది, తాంబూలము వచ్చినది, తాంబూలముమీద కుంకుమ వచ్చినది. పదహార్లు మాత్రము రాలేదు. తరువాతి పక్షమువారు 2023 మే 8న సరూర్‌నగర్ సభలో యువజన ప్రకటన చదువుచు దానిని రూ.4,000 చేసిరి. పెరిగినందుకు సంతోషించితిని గాని పదహారు తొలగించి సున్నలతో ముగించినందుకు నేను అప్పుడే కీడు శంకించితిని. ఆంధ్రప్రదేశమువారి పథకము కొంత మేలు: 2018 అక్టోబరు 2న మొదలై, రూ.1,000 ఇచ్చి, రూ.2,000 చేసి, మఱుసటి యేడు ప్రభుత్వముతో పాటు దిగిపోయినది. ఇక కేరళమువారు 1982లో మొదలిడిన భృతి మాసమునకు రూ.120, ఆ సొమ్ముతో రాజీవ్ రహదారి ధాబాలో బిర్యానీ వాసన చూడవచ్చును.

కాబట్టి విద్యార్థి దీనికి అర్హుడా కాడా యను వివాదము, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగ మనుటకు మించి, ఆ సోమలింగమునకు మేనమామలు చెవులు కుట్టించు చెల్లింపు విషయమై కొట్లాడుకొనుట వంటిది. అయినను మా మేనల్లుని ముఠావారు టీకొట్టు బల్లలమీద దీనిని గూర్చి ఎంత గంభీరముగా తర్కింతురో వినవలసినదే. ఒకడు సప్లీ ఉన్నవాడు పట్టభద్రుడు గాడు కనుక నిరుద్యోగియు గాడనును. మఱియొకడు సప్లీ యున్నందుననే వానికి ఉద్యోగము రాదు, కావున వాడే శుద్ధ నిరుద్యోగి యనును. ఈ మీమాంసకు ముందు నేను టీ డబ్బు లిచ్చి లేచిపోవుదును.

ఇంతవఱకు వ్రాసి, మావానిని సిగ్గుపడునట్లు చేసితిననుకొని, కలము దించబోయితిని. అంతలో నొక లెక్క అడ్డము వచ్చినది.

తెలంగాణమున నిరుద్యోగ భృతి రాలేదని ఏడ్చువారు అజ్ఞానులు. వచ్చినది, ఏనాడో వచ్చినది, కాకున్న విలాసము మారి వచ్చినది. ఉమ్మడి రాష్ట్రమున 2008లో పుట్టిన ఫీజు రీయింబర్స్‌మెంటు పేదవాని బిడ్డను ఇంజనీరును చేయుటకు పుట్టిన ఉత్తమమైన సంకల్పము. దానివలన కూలివాని కుమార్తెలు నిజముగా ఇంజనీర్లైనారు, దానిని కాదనువాడు కండ్లున్న గ్రుడ్డివాడు. అయితే ఇంజనీరింగు ర్యాంకు పదివేలు దాటిన వెనుకబడిన తరగతులవానికి ఏడాదికి రూ.35,000 చొప్పున ప్రభుత్వము చెల్లించునని తెలిసిన నాటినుండి, ఏ పొలములో ద్రాక్ష కంటె ఏది యెక్కువ కాయునో భూస్వాములకు బోధపడెను. పని లేని యువకుడు పేరు వ్రాయించుకొనును; హాజరు నూటికి డెబ్బదియైదు పాళ్ళు, ఎవరి వేలిముద్ర యెట్లు పడునో దేవునకే యెఱుక, కాగితముమీద నిండును; ఆ పేరిట సొమ్ము సంస్థకు పోవును. నిరుద్యోగి మావాడు, భృతి వారికి. బోడిగుండు ఒకనిది, తలనీలాల వేలంపాట సొమ్ము మఱియొకనిది యన్నట్లు.

పోనీ, ఆ సొమ్మైనను వేళకు ముట్టునా? బకాయిలు కొండలై, 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలే తలుపులు మూసికొని సమ్మె కట్టినవి. భృతికై నిరుద్యోగులు ధర్నా చేయుట లోకవిదితము. భృతి రాలేదని కళాశాలలే సమ్మె చేయుట మాత్రము మన యుగధర్మము. అట్టి బకాయి పేరు చెప్పి మావాని బి.కాం. మెమోలు ఒక బీరువాలో నిర్బంధించిరి, రూ.12,000 మేము చేతినుండి కట్టి విడిపించుకొంటిమి. రసీదు అడిగినచో, “మేం వాపసు ఇస్తం గద సార్, స్కాలర్‌షిప్ వచ్చినంక” యనిరి. వచ్చెనో లేదో వారికే తెలియును.

ఈ యేర్పాటులో సర్కారునకు కలుగు లాభము ఇంకను సొగసైనది. దేశమున కార్మికశక్తి లెక్కలు తీయువారు, పనిచేయుచుండనివాడు పనికై వెదకుచున్నప్పుడు లేదా పనికి సిద్ధముగా నున్నప్పుడు మాత్రమే నిరుద్యోగి యని వ్రాసికొందురు. చదువుకొనుచున్నానన్నవాడు కార్మికశక్తికే వెలుపలివాడు, వాడు లెక్కకు రాడు. అనగా ఒక ఎం.బి.ఏ. సీటు తెరచినచో ఒక నిరుద్యోగి మాయమగును. పరిశ్రమకు భూమి, నీరు, విద్యుత్తు, పెట్టుబడి కావలెను. సీటుకు బల్ల చాలును. ‘విద్యార్థి’ యని వ్రాసిన కాగితమును నమ్మి గణాంకశాస్త్రము పుచ్చుకొనును, ‘నిరుద్యోగి’ యని వ్రాసిన కాగితమును చూచి నావంటివాడు నీతులు చెప్పును. రెండవ కాగితమే నిజమునకు చేరువ యని నా బుద్ధికి తోచుటకు ఇన్ని పుటలు పట్టినది.

దీనికి విలోమమైన కథ యొకటి కలదు. 2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయ మను దానిలో చేరిన మనవారిని వలస అధికారులు పట్టుకొనిరి; తీరా చూడ, తరగతి గదులు లేవు, ఉపాధ్యాయులు లేరు, ఆ విశ్వవిద్యాలయమును నడిపినది వేషము వేసిన ప్రభుత్వాధికారులే. చిక్కినవారిలో తెలుగు పిల్లలు అనేకులు. వారు పని చేసికొనుటకై విద్యార్థులమని చెప్పుకొన్నవారు. మావారు పని లేక విద్యార్థులమని చెప్పుకొనువారు. అక్కడ కళాశాల దొంగది, పిల్లలు పట్టుబడిరి. ఇక్కడ కళాశాలకు అనుమతులన్నియు సక్రమముగా నున్నవి.

నిజముగా పని పోయినవాడు మా వీధిలోనే యొకడున్నాడు. మేడ్చల్ పారిశ్రామికవాడలో పదకొండేండ్లు యంత్రము నడపినవాడు, ఇ.ఎస్.ఐ. చందా జీతమునుండి తప్పక కోత పడినవాడు. అట్టివానికై 2018 నుండి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన యను పథకమున్నది. సగటు వేతనములో నాలుగవ వంతుగా మొదలై 2020లో సగమైనది, గరిష్ఠము తొంబది దినములు, జీవితమున నొక్క పర్యాయము. దాని పేరు నేను చెప్పువఱకు అతడు వినలేదు. అతడు వ్రాయవలసిన గడి ఒక్కటే, వ్రాయుటకు అతనికి వేఱు వృత్తి యేదియు లేదు. మా మేనల్లునివలె రెండు పేర్లున్నచో అతని బ్రతుకును కొంత తెఱపి పడెడిది.

మీసేవనుండి తిరిగివచ్చుచు చెరువుకట్ట దాపున టీకొట్టు కడ ఆగితిమి. సాయంకాలపు ఎండ శామీర్‌పేట పెద్దచెరువుమీద పలుచగా పడుచుండెను. రాజీవ్ రహదారిమీద కరీంనగర్ బస్సులు హారను మ్రోగించుచు పోవుచుండెను. మావాడు సమోసా నూనెను కాగితముతో అద్దుచు, అది యేమియు విశేషము కానట్లు, రెండు కోరికలు నివేదించెను: సప్లీ పరీక్షకు ఫీజు ఎల్లుండి చివరిదినము, గ్రూప్స్ టెస్ట్ సిరీసునకు డిస్కౌంటు ఈ రాత్రితో సరి. మాసమునకు రూ.2,000 చొప్పున వాని తల్లి యిచ్చుచున్నది, రూ.1,000 నేను పంపుచున్నాను. ఆ మొత్తమునకు పదహారు కలిపినచో ఎన్నికల ప్రణాళిక అక్షరాల నెరవేరునని నాకప్పుడే తట్టినది. ఫోను తీసి, వేలు నిలిపి, గాంభీర్యము వహించి, “ఇందుల చదువుకునేటోనికెంత, ఖాళీగున్నోనికెంత? ఏరేర్గ చెప్పు” అంటిని.

“రెండూ ఒక్కటే నంబర్‌కు కొట్టు మామా” అని, వాడు రెండవ సమోసా అందుకొనెను.