అందం సిలబస్‌లో లేదు

తల్లిదండ్రులకు హెచ్చరిక. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మీ పిల్లవాడిలో ఈ లక్షణాలు కనబడితే తక్షణం డీన్‌గారిని కలవండి. జవాబు వచ్చేశాక కూడా పేజీ తిప్పకుండా కూర్చోవడం. వచ్చిన లెక్కనే ఇంకో దారిలో చెయ్యబోవడం. అన్నిటికన్నా ప్రమాదం, ‘ఎందుకలా వచ్చింది సార్?’ అనడం. వాడికి లెక్కల్లో అందం కనిపిస్తోందన్నమాట. ర్యాంకు మీద ఆశ వదులుకోండి.

అలాంటివాడొకడు మొన్న హాస్టల్లో దొరికాడు. బిట్టు చూస్తే చిన్నది: మొదటి ఎన్ బేసి సంఖ్యల మొత్తం ఎంత? లెక్చరర్‌గారు రాజమార్గం చూపించారు. ‘ఎన్ బదులు ఒకటి పెట్టు. మూడు ఆప్షన్లు ఎగిరిపోతాయి. మిగిలింది ఎన్ స్క్వేర్. టిక్ పెట్టు, పద.’ వాడు పోలేదు. స్టడీ అవర్లో నేలమీద ఒక చింతగింజ పెట్టాడు. దాని పక్కన మూలమట్టంలా మూడు పేర్చాడు. రెండు రెళ్ల చదరమైంది. చుట్టూ అయిదు పేర్చాడు, మూడు మూళ్లు. ఏడు పేర్చాడు, నాలుగు నాలుగులు. తొమ్మిదికి చెయ్యెత్తేసరికి వార్డెన్ పట్టుకున్నాడు. గింజలు స్వాధీనం. ఎర్రర్ లిస్టు పదిసార్లు రాయమని శిక్ష.

న్యాయమే కదా! ఎంసెట్‌లో (పేరు ఈఏపీసెట్ అయినా మన నోటికి ఎంసెట్టే) 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, వాటిలో 80 లెక్కలు. తలా 67 సెకన్ల చిల్లర. ఆ చిల్లరతో చింతగింజలాట ఆడితే సీటు ఎవరిస్తారు?

పాతవాళ్లకి పనిలేక ఇవన్నీ మప్పారు. అమోఘవర్షుడి కాలపు మహావీరాచార్యుడు 27994681ని 441తో గుణించి, 12345654321 రాగానే అందులో కంఠహారాన్ని చూసి మురిసిపోయాడు. ఎటునుంచి చదివినా ఒకటేనట! మన పావులూరి మల్లన ఇంకో మెట్టెక్కి, ఆయన గణితసారసంగ్రహాన్ని ఏకంగా తెలుగు పద్యాల్లోకి దించాడు. లెక్కకి పద్యమా? ఛందస్సుకి ఎన్ని మార్కులు వేస్తారు?

అలాగని గణితాన్ని గౌరవించమా? 2012 నుంచి డిసెంబరు 22 జాతీయ గణిత దినం. ఫ్లెక్సీ నడిమధ్య చైర్మన్‌గారు, చుట్టూ కిందటేటి ర్యాంకర్లు, అడుగున ఓ మూల తపాలాబిళ్లంత రామానుజన్. లెక్కల్లో మునిగి తక్కినవి గాలికొదిలి ఎఫ్.ఏ. తప్పినవాడికి, పైగా హాల్‌టికెట్ నంబరైనా వెయ్యడానికి లేనివాడికి, అంతకన్నా చోటెక్కడిది?

మన పద్ధతికి ఫలితం ఉంది. సీటొచ్చిన మర్నాడే మెటీరియలంతా పాతపేపర్లవాడి కాటాకెక్కుతుంది. రెండేళ్లు ఆ పుస్తకాల్లో తలదూర్చావు కదా, ఏం కనిపించిందిరా అని మాత్రం మీవాణ్ణి అడక్కండి. ఆ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.